ఉతకని చొక్కా

ఇంటి నుంచి,
వీధి కిటికీ పక్కన కూర్చుని

మరదలికి,

"రేపు పొద్దున్నే వస్తాను బావగారూ, ఎలుకల్ని నేనే ఎత్తుతాను, మీరు కమిటీ వాళ్లతో మాట్లాడుకోండి" అన్నావు. మా వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో టీ గ్లాసుతో, నీ నోటితో అన్నావు. మర్నాడు నేను ఇన్‌స్టిట్యూట్ గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాను. కాపలావాడు జాలిపడి స్టూలు తెచ్చి వేశాడు. నువ్వు రాలేదు.

ఆ తర్వాత నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పెళ్లిళ్లలో ఎదురైతే పలకరించుకున్నాం. మీ అక్క పోయినప్పుడు వచ్చావు, ఇల్లంతా సర్ది వెళ్లావు, నా కత్తెర ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు. అంతకు మించి మన మధ్య మాటల్లేవు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో నీ నవ్వు వినబడుతుంది. అందుకే ఉత్తరం.

మాట తప్పినవాళ్లకు జ్ఞాపకశక్తి తక్కువని నేను చదివిన రాజుల చరిత్రలన్నీ చెబుతున్నాయి. కాబట్టి గుర్తు చేస్తాను. అది నొప్పి తగ్గించే మందు. మనిషిని మత్తులో ముంచకుండా, కడుపు పాడుచేయకుండా నొప్పిని మాత్రమే తగ్గిస్తుందని నేను నమ్మిన మందు. పరీక్ష నీకు తెలిసిందే. వెచ్చటి పలక మీద ఎలుకను పెడతాం. కాలు చురుక్కుమనగానే అది పాదం ఎత్తి నాకుతుంది, వెంటనే తీసేస్తాం. మందు పడనిది త్వరగా నాకుతుంది, మందు పడినది ఆలస్యంగా నాకుతుంది. ఆ తేడాయే నా జీవితం.

నువ్వు ఎత్తి, నేను పక్క గదిలో అంకెలు రాసుకున్నంత కాలం ఆ తేడా అద్దంలో ముఖంలా కనబడింది. నువ్వు రాని రోజున, కమిటీ గాజు తలుపు అవతల నుంచి చూస్తుండగా, నేనే ఎత్తాను. మందు పడినదీ నాకలేదు, పడనిదీ నాకలేదు. రెండూ పలక మీద బొమ్మల్లా నిలబడ్డాయి. కాళ్లు కాలిపోతాయని నేనే తీసేయాల్సి వచ్చింది. అప్పుడు కమిటీ పెద్ద, ఆ పెద్దమీసాలాయన, గొంతు సవరించుకుని "ఏమండీ, మీరు మందు ఎలుకకు వేశారా, పలకకు వేశారా?" అన్నాడు. అందరూ నవ్వారు. మందు పెట్టెలో పెట్టేశారు. నేను అంకెలు వండానన్న మాట మాత్రం పెట్టెలో పడలేదు, నా వెనకాలే నడిచి నా రిటైర్మెంట్ దాకా వచ్చింది.

ఇప్పుడు అదే ఇన్‌స్టిట్యూట్‌లో గడ్డం ఉన్న పరిశోధకుడెవరో నా మందును మళ్లీ పరీక్షిస్తున్నాడట. అక్కడి యానిమల్ హౌస్‌కి పశువైద్యురాలివి నువ్వేనట. విధికి హాస్యప్రియత్వం ఎక్కువ.

నాకు కావలసింది ఒక్కటే. నేను అబద్ధమాడలేదని నేను బతికి ఉండగా ఒక్కరైనా ఒప్పుకోవాలి. కాబట్టి పరీక్ష నేను రాసిపెట్టిన పద్ధతిలోనే జరగాలి. ఒక్కో బోనులో ఒక్కో ఎలుక. బోనులో తీగెల అడుగు తప్ప ఏమీ ఉండకూడదు. తోక పట్టి ఎత్తాలి. నువ్వు ఎలుకలకు పక్కలు పరుస్తున్నావని విన్నాను. నా ఎలుకల జోలికి రాకు.

వాదించేవాళ్లు లేక ఇంట్లో గడియారం శబ్దం కూడా వినబడుతోంది. జవాబు రాయి.

మీ అక్క మొగుడు

*

యానిమల్ హౌస్ నుంచి,
చేతులు కడుక్కుని రాస్తున్నాను

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కవరు మీద మీ అక్షరం చూడగానే భయం వేసింది, లోపల చదివాక ధైర్యం వచ్చింది. మీరేమీ మారలేదు. కత్తెర మీ పుస్తకాల బీరువా పై అరలో ఉంది, లావుపాటి నిఘంటువు వెనకాల. అక్కే అక్కడ పెట్టేది, మీరు దాంతో గోళ్లు కత్తిరించుకుంటారని.

ఆ రోజు ఎందుకు రాలేదని మీరు అడగలేదు. రాలేదని మాత్రమే అన్నారు. అడగనిదానికి నేను జవాబు చెప్పను. మీ శిష్యురాలిని కదా, ప్రశ్న సరిగ్గా వేయడం మీరే నేర్పారు.

ఇక ఎలుకల సంగతి. గడ్డం మంచి మనిషి. ఆ పేరు నేను పెట్టింది కాదు, ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు, ఆయన పలుకుతాడు. మీ పద్ధతిని చదివి, తూచా తప్పకుండా చేశాడు. ఖాళీ బోను, ఒంటరి ఎలుక, తోక పట్టి ఎత్తడం. మీకు కావలసింది అదే కదా. మొదటి విడత అయిపోయింది.

ముందు టీ తాగండి బావగారూ. తాగారా?

తేడా రాలేదు. మీ కమిటీ రోజున ఏం జరిగిందో అచ్చం అదే జరిగింది. మందు పడినదీ నాకలేదు, పడనిదీ నాకలేదు. గడ్డం ముఖం చూడాలి మీరు. "మేడమ్, ఈ మందులో ఏమీ లేదేమో, రాసి ముగించేద్దాం" అన్నాడు. నేను ఆగమన్నాను.

ఎందుకు ఆగమన్నానంటే, నేను పలక వైపు చూడలేదు, ఎలుకల వైపు చూశాను. గడ్డం తలుపు తీయగానే అవి మూలకు పోయి బిగుసుకుపోతున్నాయి. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటున్నాయి. తోక పట్టుకోగానే పెంటికలు వేసేస్తున్నాయి. పలక మీద పెట్టాక కూడా వాటి ధ్యాస కాలి మీద లేదు, గడ్డం చేతి మీద ఉంది. పులి ఎదురుగా నిలబడితే కాలిలో ముల్లు దిగినా మనిషికి తెలుస్తుందా? మందు పడని ఎలుకకే నొప్పి తెలియనప్పుడు మందు పడినదానితో పోల్చి ఏం లాభం?

అందుకని రెండో విడత నా పద్ధతిలో చేయిస్తున్నాను. మీరు వద్దన్నవన్నీ ఉంటాయి, కాగితం గూళ్లు, అట్ట గొట్టాలు, ఒక్కో బోనులో జంట. కోపం వస్తే ఉత్తరం రాయండి. రాకపోయినా రాయండి.

మీ మరదలు

*

ఇంటి నుంచి,
కత్తెర దొరికింది

మరదలికి,

కత్తెర దొరికింది కాబట్టి సంబోధన మర్యాదగా రాశాను. ఇక మర్యాద అయిపోయింది.

ఎలుకలకు పక్కలు, కాగితం గూళ్లు, అట్ట గొట్టాలు. కబుర్లు చెప్పుకోవడానికి జోడీ. రేపు కిటికీకి పరదాలు కడతావా? పరిశోధన అంటే ఏమిటో నీకు చెప్పింది నేనే, కానీ మళ్లీ చెబుతాను. బోనులో ఏమీ లేకపోతేనే వచ్చిన తేడా మందుదవుతుంది. గూడు పెట్టావనుకో, ఒక ఎలుక గూడు బాగా కట్టుకుంటుంది, ఇంకోటి బద్ధకిస్తుంది, తేడా గూటిది అవుతుంది. అన్నీ ఒకేలా ఉండాలి. అందుకే ఖాళీగా ఉంచాను. క్రూరుణ్ని కాబట్టి కాదు.

క్రూరుణ్ని అనే మాట నువ్వు అనలేదు, నేనే అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని నవ్వకు. నేనెన్నడూ ఒక ఎలుకను ఊరికే బాధపెట్టలేదు. పలక మీద కాలు కాలనిచ్చినది ఒక్కటి లేదు. ఆ మీసాలాయన మాత్రం తన ప్రయోగాలు అయిపోయాక బోనుల్ని వరండాలో వదిలేసి టీకి వెళ్లేవాడు. ఆయనకు దండలు పడ్డాయి. నా వీడ్కోలు సభలో ఆయనే లేచి "ఈయన చక్కటి ఉపాధ్యాయుడు" అన్నాడు. పరిశోధన గురించి ఒక్క ముక్క లేదు. వంటవాణ్ని పట్టుకుని, గిన్నెలు బాగా తోముతాడు అన్నట్టు. ముందు వరుసలో మీ అక్క కూర్చుని ఉంది. ఇంటికొచ్చాక "ఆయన మీసాలకి రంగు వేశాడు, చూశారా?" అంది. అదొక్కటే ఆ రోజు నాకు దక్కిన న్యాయం.

ఇంకో మాట. ఒంటరి ఎలుక, ఖాళీ బోను అని ఊరికే బాధపడుతున్నావు. మీ అక్క పోయాక నేనూ ఒంటరిగా, ఖాళీ ఇంట్లోనే ఉంటున్నాను. నాకేమైంది?

మీ అక్క మొగుడు

*

యానిమల్ హౌస్ నుంచి,
ఎలుకలు నిద్రపోతున్న వేళ

బావగారికి,

మీకేమైందని అడిగారు. ఉత్తరంలో కనబడిన లక్షణాలు రాస్తాను. వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. మూల కూర్చుని ఉన్నారు. దగ్గరకొచ్చిన వేలినల్లా కరుస్తున్నారు. ఇక్కడ ఈ లక్షణాలు కనబడితే అట్ట గొట్టం ఒకటి ఇచ్చి, పక్కన నెమ్మదస్తుడైన ఇంకో ముసలి ఎలుకను పెడతాం. మీ పక్కింట్లో ఎవరైనా ఉన్నారా?

మీ వాదనలో పట్టు ఉంది, కాదనను. అన్నీ ఒకేలా ఉండాలన్నది నిజమే. కానీ ఖాళీ బోను ఖాళీగా ఉండదు బావగారూ. అందులో భయం ఉంటుంది. అది కూడా అన్నింటిలో ఒకేలా ఉండదు. ఒకటి రాయిలా బిగుసుకుపోతుంది, ఒకటి గోడలెక్కుతుంది, ఒకటి తిండి మానేస్తుంది. మొదటి విడత అంకెలు చూస్తే చిందరవందరగా ఉన్నాయి. గూళ్లు ఇచ్చి, జంటలుగా పెట్టి, ఒంటి కింద చేయి వేసి ఎత్తడం మొదలుపెట్టాక మందు పడని ఎలుకలన్నీ ఇంచుమించు ఒకే సమయానికి పాదం నాకుతున్నాయి. మీరు కోరిన ఏకరూపం తీగెల అడుగుతో రాలేదు, చింపిన కాగితాలతో వచ్చింది.

ఇక అసలు సంగతి. రెండో విడతలో కూడా ఒక తిరకాసు ఉంది. నేను ఎత్తిన రోజున మందు పడినదానికీ పడనిదానికీ తేడా కనబడుతోంది. గడ్డం ఎత్తిన రోజున తేడా సగానికి పడిపోతోంది. ఏ ఎలుకకు మందు వేశారో మా ఇద్దరికీ తెలియదు, సీసాల మీద గుర్తులే ఉంటాయి, కాబట్టి నేను మీ మీద అభిమానంతో అంకెలు మార్చానని అనకండి. మీ మీద నాకున్న అభిమానం అంత కాదు. గడ్డం తల పట్టుకుని "మేడమ్, మీరు ఎత్తితే పనిచేస్తుంది, నేను ఎత్తితే పనిచేయదు. ఇది మందా, మంత్రమా?" అన్నాడు.

మంత్రం కాదు, వాసన. మగవాళ్ల ఒంటి వాసన ఎలుకలకు భయం పుట్టిస్తుందని ఈ మధ్య చాలామంది గమనించారు. కొత్త మగ జంతువేదో తమ చోటులోకి వచ్చిందనుకుంటాయి కాబోలు. భయంలో ఒళ్లు నొప్పిని దాచేసుకుంటుంది. రుజువు కోసం గడ్డం విప్పిన చొక్కా ఒకటి కుర్చీ మీద వేసి, ఆయన్ని బయటికి పంపి, నేనే ఎత్తాను. మనిషి లేడు, చొక్కా మాత్రమే ఉంది. మందు పడని ఎలుకలు మళ్లీ నాకడం ఆలస్యం చేశాయి.

అందుకని మీకొక విన్నపం. మీరు రెండు రోజులు వేసుకున్న చొక్కా ఒకటి, ఉతక్కుండా, కవరులో పెట్టి గట్టిగా అంటించి పంపండి. గడ్డం చొక్కా చాలదా అంటారేమో. శాస్త్రానికి చాలు. కానీ కమిటీ రోజున గదిలో ఉన్నది గడ్డం కాదు. మీరు.

కొంత అల్లరి కూడా ఉంది, ఒప్పుకుంటున్నాను.

మీ మరదలు

*

ఇంటి నుంచి

మరదలికి,

ఇంత చదువు చదివి, ఇంతమందికి పాఠాలు చెప్పి, చివరికి మరదలికి మాసిన చొక్కా పంపే దశకు వచ్చాను. నీ విజ్ఞానశాస్త్రం చాకిరేవు దాకా వచ్చిందన్నమాట.

నా ఒంటికి వాసన లేదు. ఉంటే ఇన్నేళ్ల కాపురంలో మీ అక్క చెప్పకుండా ఉంటుందా? మీసాలాయన మీద సెంటు కంపు కొట్టేది, ఆయన ఎలుకలేమీ బిగుసుకుపోలేదు.

అయినా భయపడ్డానని అనుకుంటావని పంపుతున్నాను. ఇందులో ఉంది.

మీ అక్క మొగుడు

*

యానిమల్ హౌస్ నుంచి,
నవ్వు ఆపుకుని

బావగారికి,

మీరు పంపిన చొక్కా మీద ఎలుకలు పక్క వేసుకున్నాయి. ఒకటి జేబులో పడుకుంది. ఇంకోటి గుండీ కొరికింది. పరీక్ష మీద దాని ప్రభావం సున్నా.

ఇస్త్రీ మడత నలగని చొక్కాను మాసిందని పంపే మనిషి, తన జీవితంలో అంకెలు వండలేదని నన్నెలా నమ్మమంటారు? గడ్డం అడిగాడు, "సార్ ఇంత శుభ్రంగా ఉంటారా మేడమ్?" అని. మీ పరువు కాపాడడానికి "అవును" అన్నాను. పరువుకీ ప్రయోగానికీ ఈసారి కూడా పొంతన కుదరలేదు.

మీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే నిజంగా వేసుకున్నది పంపండి. లేకపోతే గడ్డం రిపోర్టులో "మందు పనిచేస్తుంది, పాత ప్రయోగం ఎందుకు చెడిందో తెలియదు" అని రాసి ఊరుకుంటాడు. "తెలియదు" అన్న చోట జనం ఏం నింపుకుంటారో మీకు నాకంటే బాగా తెలుసు.

మీ మరదలు

*

ఇంటి నుంచి,
తలుపు గడియ వేసుకుని

మరదలికి,

నీ చివరి వాక్యం రెండు రోజులు నమిలాను. మింగుడు పడలేదు. అందుకని చొక్కా వేసుకున్నాను.

దీంతో బజారుకు నడిచాను. పోస్టాఫీసులో క్యూ తప్పి ముందుకొచ్చినవాడితో దెబ్బలాడాను. అతను "పెద్దాయనా, బీపీ పెరుగుతుంది" అన్నాడు. నా బీపీ నీ తాత ఆస్తా అన్నాను. లైబ్రరీలో పుస్తకం అంచుల మీద పెన్నుతో గీసిన దుర్మార్గుడెవడని లైబ్రేరియన్ని నిలదీశాను. ఆయన కార్డు తీసి చూపించాడు. నేనేనట, చాలా కాలం కిందట. అది కూడా ఈ చొక్కాలోనే జరిగింది. చెమట పుష్కలంగా ఉంది, కోపం దానికి రెట్టింపు. ఎలుకలు కోపాన్ని వాసన చూడగలిగితే అవి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతాయి.

కవరు అంటించే ముందు ఒకసారి నేనూ వాసన చూశాను. ఏమీ తెలియలేదు. ఎవరి వాసన వాళ్లకు తెలియదు కాబోలు.

ఇప్పుడు నా వంతు. ప్రశ్న సరిగ్గా వేయమన్నావు కదా, వేస్తున్నాను. ఆ రోజు ఎందుకు రాలేదు? నువ్వు వచ్చి ఉంటే ఎలుకల్ని నేను ఎత్తేవాణ్ని కాదు. నా చొక్కా వాసన ఏదైనా, అది కమిటీ గది దాకా వచ్చేది కానీ ఎలుక దాకా వచ్చేది కాదు. నీ కాగితాలు, నీ గొట్టాలు, నీ చొక్కాలు అన్నీ తిప్పి తిప్పి అక్కడికే వస్తున్నాయి. నువ్వు రాలేదు.

మాసిన చొక్కా ఇచ్చిన మనిషికి నిజం చెప్పకుండా తప్పించుకోవడం కుదరదు.

మీ అక్క మొగుడు

*

యానిమల్ హౌస్ నుంచి

బావగారికి,

ముందు ఫలితం చెబుతాను. గడ్డం రిపోర్టు సిద్ధం చేస్తున్నాడు, కానీ మీకు నేను ముందు చెప్పాలి.

మీ చొక్కా గదిలో లేనప్పుడు, గూళ్లలో నెమ్మదిగా ఉన్న ఎలుకల్లో తేడా పాత రోజుల్లో లాగే అద్దంలో ముఖంలా కనబడింది. మందు పడనివి త్వరగా నాకాయి, పడినవి ఆలస్యంగా నాకాయి. మీ చొక్కా కుర్చీ మీద వేశాక అన్నీ బొమ్మలైపోయాయి, తేడా మాయమైంది. మళ్లీ మళ్లీ చేశాం. అంతే వచ్చింది. గడ్డం చొక్కా కంటే మీదే బలంగా పనిచేసింది. పోస్టాఫీసు దెబ్బలాట వృథా పోలేదు.

మీ మందు పనిచేస్తుంది బావగారూ. మీరు అంకెలు వండలేదు. కమిటీ ముందు మీరు చూపించింది కూడా అబద్ధం కాదు, భయపడిన ఎలుక చెప్పిన నిజం. కాకపోతే మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కాదది. వణికే చేత్తో తక్కెడ పట్టుకుని తూకం తప్పితే తప్పు సరుకుదంటే ఎలా? ఎలుకను నెమ్మదిగా ఉంచడం మేము దానికి చేసే దయ అనుకుంటారు అందరూ. దయే. కానీ అది లేకపోతే కొలత కూడా లేదు. గడ్డం ఆ మాట రిపోర్టులో రాస్తున్నాడు. మీ పేరు ముందు పెడుతున్నాడు.

ఆయన మిమ్మల్ని ఇక్కడికి రమ్మంటున్నాడు. మగవాళ్లు గదిలో కాసేపు కదలకుండా కూర్చుంటే ఎలుకలు వాసనకు అలవాటు పడతాయి, భయం దిగిపోతుంది. అలా కూర్చున్నాక మీ చేతుల్తోనే ఎత్తి చూపించమంటున్నాడు. కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవాలని చెప్పాను. "సార్‌కి కుదురుతుందా మేడమ్?" అన్నాడు. నాకూ అనుమానమే.

ఇక మీ ప్రశ్న.

ఆ పొద్దున నేను బయల్దేరాను. మీ ఇంటికే వచ్చాను, మీతో కలిసి వెళదామని. మీరు అప్పటికే వెళ్లిపోయారు. అక్క గుమ్మంలో ఉంది. నా ఉద్యోగం ఇంటర్వ్యూ కూడా ఆ పొద్దునే, పక్క ఊళ్లో. పశువుల ఆసుపత్రిలో. మీకు చెప్పలేదు, చెబితే ఏమంటారో తెలుసు. వెళ్లకూడదనే నిర్ణయించుకున్నాను. అక్క చేతిలో నా సర్టిఫికెట్ల ఫైలు ఉంది.

"ఎక్కడికే?" అంది.

"బావగారి దగ్గరికి. ఎలుకలు..."

"ఆయనకి ఎలుకల్ని ఎత్తేవాళ్లు రేపైనా దొరుకుతారు. నీకు ఈ ఉద్యోగం రేపు దొరకదు. నడు."

"మాట ఇచ్చానక్కా."

"నువ్వు ఇచ్చావు, నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఆయనకి నేను చెప్తాలే. బస్సు వస్తోంది, ఎక్కు."

ఎక్కాను. అక్క మీకు చెప్పిందనే అనుకున్నాను. చెప్పినా మీరు నన్ను తిడుతున్నారని విని, ఇంత చిన్న బుద్ధా అని నాకూ కోపం వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత కదా తెలిసింది, ఆవిడ అసలు నోరే విప్పలేదని. "ఎందుకు చెప్పలేదే?" అని అడిగితే ఏమందో తెలుసా?

"ఇప్పుడు చెబితే ఆయన నిన్ను వదిలేసి నన్ను పట్టుకుంటారే. నువ్వు దూరంగా ఉన్నావు, నీకు తిట్లు వినబడవు. నేను ఆయనతో ఒకే ఇంట్లో ఉండాలి" అంది. చెప్పి ఎంతసేపు నవ్విందో. నేనూ నవ్వాను. ఆ నవ్వు వల్లే మీకు చెప్పలేకపోయాను.

వస్తారు కదూ?

మీ మరదలు

*

ఇంటి నుంచి

మరదలికి,

వస్తాను. గడ్డానికి చెప్పు. కదలకుండా, మాట్లాడకుండా కూర్చోవడం సాధన చేస్తున్నాను. నిన్న సాయంత్రం కిటికీ దగ్గర అలాగే కూర్చున్నాను. పక్కింటాయన తలుపు తట్టి, "బాగానే ఉన్నారా?" అని అడిగాడు. ఉన్నానన్నాను. లోపలికి రమ్మన్నాను. నువ్వు చెప్పిన ముసలి ఎలుక ఇతనే కాబోలు. చదరంగం ఆడతాడు, మోసం చేస్తాడు, ఫరవాలేదు.

నీ ఉత్తరంలో మొదటి సగం చదివి లేచి నిలబడ్డాను. మందు పనిచేస్తుంది. ఆ వాక్యం పైకి చదివాను, గోడలకు వినబడేలా. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట వినడానికి ఇంట్లో గోడలే మిగిలాయి. తర్వాత రెండో సగం చదివి కూర్చున్నాను.

మీసాలాయన్ని వదిలేస్తున్నాను. ఆయన చూసింది ఆయన అన్నాడు. బొమ్మల్లా నిలబడ్డ ఎలుకల్ని చూసి నేనైనా అదే అనేవాణ్ని, ఇంత బాగా అనేవాణ్ని కాదేమో. రంగు వేసిన మీసాల సంగతి మాత్రం వదలను. ఎలుకల మీద నాకెప్పుడూ కోపం లేదు. గదిలోకి వచ్చింది నేనని చెప్పడానికి వాటికి వేరే భాష లేదు.

నిన్నూ వదిలేస్తున్నాను. నువ్వు బస్సు ఎక్కడమే సరైన పని. నాకు ముందే తెలిసి ఉంటే ఆ బస్సుకు అడ్డం నిలబడేవాణ్ని. ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు, గుమ్మంలో ఫైలు పట్టుకుని నిలబడ్డావిడకి మన ఇద్దరికంటే బాగా తెలుసు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే నిన్ను తిట్టడం మొదలుపెట్టాను. మీ అక్క వింది. "అయ్యో" అంది. మంచినీళ్లు ఇచ్చింది. ఆ తర్వాత ఎన్ని భోజనాలు, ఎన్ని తిట్లు! నేను నిన్ను మాట తప్పిన మనిషివని అంటుంటే ఆవిడ తల వంచుకుని వడ్డిస్తూ ఉండేది. ఒక్కోసారి నవ్వేది కూడా. నా తిట్టు బాగా కుదిరిందని నవ్వుతోందనుకుని, మర్నాటికి ఇంకొంచెం మెరుగుపెట్టి తెచ్చేవాణ్ని. నీకు పెద్ద ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున కొత్త చీర కట్టుకుంది. ఏమిటి విశేషం అంటే, ఊరికే అంది.

ఊరికే! నాకు తెలియకుండా నిన్ను గెలిపించి, నేను ఓడిన ఇంట్లోనే నాతో కాపురం చేసి, నా కోపమంతా నీ ఊరి వైపు తిప్పి తను హాయిగా నిద్రపోయింది. ఆవిడ జోస్యం ఫలించింది, నిన్ను వదిలేసి ఆవిడనే పట్టుకున్నాను. తీరా పట్టుకుని దెబ్బలాడదామంటే మనిషి లేదు. నిన్న కంచం ముందు కూర్చుని, నీ కోసం కూడబెట్టిన తిట్లలో మంచివి ఏరి ఒకటి పైకి అన్నాను. ఎదురుగా నవ్వేవాళ్లు లేక అది అక్కడే ఉండిపోయింది.

అందరినీ క్షమించేశానని గడ్డానికి చెప్పు, రిపోర్టు చివర్లో రాసుకుంటే రాసుకోనీ. కానీ నువ్వు మాత్రం తెలుసుకో. ఇప్పటికీ, ఎప్పటికీ, నేను తప్పు పట్టే మనిషి ఒక్కరే ఉన్నారు. మీ అక్క.